పాత వేగపు కార్లలో సస్పెన్షన్ మెరుగుదల: ఆలేరు ప్రాంతం

పాత వేగపు కారుకు సస్పెన్షన్ మెరుగుపరచడమంటే ఏళ్ల తరబడి నడిచి సడలిపోయిన బుష్షులు, షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు మార్చి, మలుపులోనూ బ్రేకులోనూ గతుకులోనూ కారుకు రోడ్డు మీద పట్టు పెంచడం. తెలంగాణలో ఈ పనికి వచ్చే కార్లు ఎక్కువగా 1990ల నడిమి నుంచి 2010 దాకా అమ్ముడైనవి: మారుతి జెన్, ఎస్టీమ్, బలెనో, హోండా సిటీ వీటెక్, ఫోర్డ్ ఐకాన్ 1.6, ఫియట్ పాలియో 1.6, మిత్సుబిషి లాన్సర్. స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ లాంటి 150 హార్స్‌పవర్ టర్బో కారు కనిపించడం అరుదు. ఇప్పటి లెక్కల్లో వీటి ఇంజన్లు గొప్ప బలమైనవేమీ కావు. సిటీ వీటెక్‌ది 106 హార్స్‌పవర్, పాలియో 1.6ది 100, చివరి ఎస్టీమ్‌లది 85. కానీ ఒళ్లు తేలిక: జెన్ 800 కిలోల లోపు, ఎస్టీమ్ 900 కిలోల లోపు. తేలిక ఒంటికి చురుకైన ఇంజన్ తోడవడం వల్లే వీటి మీద మోజు ఇంకా తగ్గలేదు. వేళకు ఆయిల్ మారిస్తే ఇంజన్ రెండు లక్షల కిలోమీటర్లు దాటినా నడుస్తుంది. కింద ఉన్న రబ్బరు మాత్రం అంత కాలం ఆగదు.

ఆలేరు ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగేదాకా నల్లగొండ జిల్లాలోది కనుక, ఇక్కడి పాత కార్ల మీద ఏపీ 24 నంబరు ప్లేట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. హైదరాబాద్ నుంచి భువనగిరి, ఆలేరు, జనగామల మీదుగా వరంగల్ వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి ఊరికి ఆనుకొని పోతుంది. ఈ రహదారి పాత నంబరు 202. సస్పెన్షన్ సంగతి మాట్లాడేటప్పుడు ఈ భౌగోళికం అవసరమే. నాలుగు వరుసల రోడ్డు మీద వంద కిలోమీటర్ల వేగంతో వచ్చిన కారు కొలనుపాక వైపో రాజాపేట వైపో తిరగగానే ఊరూరా స్పీడ్ బ్రేకర్లు, వానాకాలం తేలిన కంకర, మొరం దారులు ఎదురవుతాయి. హైవేకు గట్టి సస్పెన్షన్ బాగుంటుంది, ఊరి దారికి ఎత్తూ మెత్తదనమూ కావాలి. ఈ రెండింటి మధ్య రాజీ కుదర్చడమే ఇక్కడ మెరుగుదల.

నిర్మాణం

సస్పెన్షన్ మూడు పనులు చేస్తుంది. బరువు మోయడం స్ప్రింగు పని. స్ప్రింగు ఊగిసలాటను అణచడం షాక్ అబ్జార్బర్ పని. చక్రం ముందుకూ వెనక్కూ పక్కకూ జరగకుండా పట్టి ఉంచడం ఆర్ములు, లింకులు, వాటి చివర్లలోని రబ్బరు బుష్షుల పని. మొదటి రెండింటి గురించే అందరూ మాట్లాడతారు. పాత కారులో ముందుగా పాడయ్యేది మూడోది.

అంబాసిడర్ వెనక భాగంలో కమాన్ పట్టీలు, ముందు టార్షన్ బార్లు ఉండేవి. ప్రీమియర్ పద్మిని వెనక కూడా కమాన్ పట్టీలే. కమాన్ పట్టీ బరువునూ మోస్తుంది, ఇరుసునూ పట్టి ఉంచుతుంది. పట్టీల రాపిడితో ఊగిసలాటను కొంత అణుస్తుంది కూడా. మోటుదే అయినా ఊరి మెకానిక్ చేతికి అందే ఏర్పాటు. ఆ తర్వాతి కార్లలో చాలావాటికి ముందు చక్రాల దగ్గర మెక్‌ఫర్సన్ స్ట్రట్ వచ్చింది. అమెరికా ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ రూపొందించిన ఈ ఏర్పాటు 1950లో ఇంగ్లండ్‌లో ఫోర్డ్ కాన్సల్‌తో జనంలోకి వచ్చింది. ఇందులో షాక్ అబ్జార్బరే చక్రాన్ని నిలబెట్టే స్తంభం, దాని చుట్టూ స్ప్రింగు. అందుకే స్ట్రట్ అరిగితే గతుకులు తెలియడంతో ఆగదు, చక్రం వాలు కూడా మారుతుంది.

వెనక భాగం కారును బట్టి మారుతుంది. జెన్‌లో గట్టి ఇరుసు, దానికి వేరుగా స్ప్రింగు, వేరుగా షాక్ ఉంటాయి. ఎస్టీమ్, బలెనోల్లో వెనక కూడా స్ట్రట్లే, ఒక్కో చక్రం దేనికది కదులుతుంది. లాన్సర్‌లో మల్టీలింక్. పాలియోలో మెలితిరిగే దూలం. ఇంటి దగ్గర పని మొదలుపెట్టేవారికి ఈ తేడా ముఖ్యం. జెన్ వెనక షాక్‌ను స్ప్రింగు ముట్టకుండానే విప్పవచ్చు; స్ప్రింగు షాక్ చుట్టూ ఉండే స్ట్రట్‌లో షాక్ మార్చాలంటే స్ప్రింగును అదిమిపట్టే సాధనం తప్పదు.

రబ్బరు

ఆలేరు ఎండ మే నెలలో 44 డిగ్రీలు దాటుతుంది. ఎండకు, ఇంజన్ వేడికి, కారిన నూనెకు రబ్బరు గట్టిపడి పగులుతుంది. కారు నిలిచి ఉన్నా వయసు మీద పడుతూనే ఉంటుంది కాబట్టి, తక్కువ తిరిగిన పాత కారు అని అమ్మేవారు గొప్పగా చెప్పే మాటకు రబ్బరు విషయంలో విలువ లేదు. లోయర్ ఆర్మ్ బుష్షు సడలితే బ్రేకు వేసినప్పుడు స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది. మలుపులో కారు ఒరగడాన్ని తగ్గించే స్టెబిలైజర్ బార్ లింకు అరిగితే చిన్న గతుకులకు కటకటమంటుంది. స్ట్రట్ పైన ఉండే మౌంటింగ్ రబ్బరు కుంగితే స్టీరింగు తిప్పేటప్పుడు స్ప్రింగు కిర్రుమని మెలితిరిగి ఒక్కసారిగా వదులుతుంది. మారుతి 800, జెన్‌లలో ముందు స్టెబిలైజర్ బార్ ఇంకో పని కూడా చేస్తుంది: లోయర్ ఆర్మ్ వెనక్కి పోకుండా పట్టి ఉంచేది అదే. ఆ బార్ చివరి బుష్షులు చిన్నవి, చవకవి. అవి అరిగితే మాత్రం బ్రేకు వేసిన ప్రతిసారీ చక్రం వెనక్కి జరుగుతుంది. ఖరీదైన షాకులు వేసి ఈ బుష్షులను వదిలేసిన జెన్‌లు తక్కువేమీ కాదు.

రబ్బరు బదులు పాలీయురెథేన్ బుష్షులు వేసే పద్ధతి ఉంది. ఇవి గట్టివి, నూనెకు చెడవు, స్టీరింగుకు చురుకు తెస్తాయి. అయితే రోడ్డు గరగర మొత్తం బాడీలోకి ఎక్కుతుంది, గ్రీజు ఎండితే కీచుమంటాయి. పైగా రబ్బరు బుష్షు మెలితిరగగలదు, పాలీయురెథేన్ బుష్షు జారుతూ తిరగాలి. రెండు దిశల్లో వంగాల్సిన చోట దాన్ని బిగిస్తే ఆర్ము మీద భారం పడుతుంది. రోజూ తిరిగే కారుకు కంపెనీ రబ్బరే మంచిది. లోయర్ ఆర్మ్ ముందు బుష్షు ఒక్కచోట పాలీయురెథేన్ వేసుకుంటే అభ్యంతరం లేదు.

షాక్ అబ్జార్బర్లు

షాకబ్జర్ అని వర్క్‌షాపుల్లో పిలిచే ఈ గొట్టం నూనెను సన్నని రంధ్రాల గుండా నెట్టి, కదలికను వేడిగా మారుస్తుంది. పాత కార్లకు వచ్చినవి దాదాపు అన్నీ రెండు గొట్టాల రకం: లోపలి గొట్టంలో పిస్టన్, బయటి గొట్టంలో మిగులు నూనె. గతుకుల దారిలో చాలాసేపు వేగంగా పోతే నూనె వేడెక్కి, గాలితో కలిసి నురగ కడుతుంది, అణచే శక్తి పడిపోతుంది. కొద్దిపాటి ఒత్తిడితో నైట్రోజన్ నింపిన రెండు గొట్టాల షాక్ ఈ నురగను తగ్గిస్తుంది. ఒకే గొట్టంలో నూనెనూ గ్యాసునూ తేలే పిస్టన్‌తో వేరుచేసి, 20 నుంచి 25 బార్ ఒత్తిడి పెట్టే మోనోట్యూబ్ రకం దాన్ని దాదాపు పూర్తిగా ఆపుతుంది. ఫ్రెంచి ఇంజనీరు బూర్సియే ద కార్బన్ ఆలోచనను జర్మనీకి చెందిన బిల్‌స్టీన్ 1950లలో మెర్సిడెస్ బెంజ్ కార్ల ద్వారా మార్కెట్‌కు తెచ్చింది. భారతదేశంలో 1961లో మొదలైన గేబ్రియల్ ఇండియా షాకులే పాత కార్లలో ఎక్కువగా కనిపిస్తాయి. హైదరాబాద్‌లో రాణిగంజ్, పుత్లీబౌలి దుకాణాలు ఇలాంటి విడిభాగాలకు పేరు పడ్డవి.

షాక్ పాడైందని తెలుసుకోవడానికి బానెట్ మూలను నొక్కి వదలడం పాత పరీక్ష. ఒకటిన్నర ఊపులో ఆగకపోతే షాక్ పోయినట్టే. ఆగినంత మాత్రాన బాగున్నట్టు కాదు. గొట్టం మీద నూనె తడి, టైరు అంచున దొప్పలు దొప్పలుగా అరుగుదల, హైవే వంతెన అతుకు దాటాక కారు రెండుసార్లు పైకీ కిందికీ ఊగడం ఇంతకన్నా నమ్మదగ్గ గుర్తులు. షాకులు ఎప్పుడూ జతగా మార్చాలి. ఎడమది కొత్తది, కుడిది పాతది అయితే బ్రేకులో కారు వంకర పోతుంది.

స్ప్రింగులు, ఎత్తు

స్ప్రింగు గట్టిదనాన్ని ఒక మిల్లీమీటరు అదమడానికి ఎన్ని న్యూటన్లు కావాలో చూసి చెబుతారు. ఉదాహరణకు ఒక చక్రం మీద 225 కిలోల బరువు, 16 న్యూటన్ల స్ప్రింగు ఉంటే ఆ మూల సెకనుకు సుమారు 1.34 సార్లు ఊగుతుంది. కుటుంబ కార్లు సాధారణంగా ఒకటికీ ఒకటిన్నరకూ మధ్య, స్పోర్ట్స్ కార్లు ఒకటిన్నరకూ రెండుకూ మధ్య ఉంటాయి. స్ప్రింగును 20 శాతం గట్టి చేస్తే ఈ అంకె 1.47 అవుతుంది. పాత తేలిక కారుకు, ఇక్కడి దారులకు అదే హద్దు అనుకోవచ్చు. అంతకు మించితే గతుకు మీద చక్రం నేలను వదులుతుంది, పట్టు పెరగాల్సింది తగ్గుతుంది.

స్ప్రింగును గట్టి చేయడానికి కొందరు తేలిక దారి పడతారు: ఒక చుట్టు కోసేస్తారు. ఆరు చుట్లలో ఒకటి పోతే మిగిలినది 20 శాతం గట్టిపడుతుంది, లెక్క సరిగానే కుదురుతుంది. చుట్ల మధ్య ఎడం 50 మిల్లీమీటర్లు అనుకుంటే పొడవు అంత తగ్గుతుంది. గట్టిదనం వల్ల బరువుకు 138 మిల్లీమీటర్లు కుంగే చోట 115 మాత్రమే కుంగుతుంది కాబట్టి కారు నికరంగా 27 మిల్లీమీటర్లు దిగుతుంది. చిక్కు వేరే చోట ఉంది. కోసిన కొస కింది పళ్లెంలో సరిగా కూర్చోదు. చక్రం వేలాడినప్పుడు పొట్టి స్ప్రింగు వదులై పక్కకు జరిగే ప్రమాదం ఉంది. గ్యాస్ మంటతో కాల్చి కుంగదీయడం ఇంకా చెడ్డది, స్ప్రింగు ఉక్కుకు ఉన్న పదును అక్కడితో పోతుంది. దీనికి వ్యతిరేకంగా, కారు ఎత్తు పెంచడానికి చుట్ల మధ్య రబ్బరు బఫర్లు దూర్చే అలవాటు కూడా ఉంది. బఫర్ ఉన్న చోట చుట్టు పనిచేయదు, మిగతా చుట్ల మీద భారం పెరిగి స్ప్రింగు అక్కడే విరగవచ్చు.

దిగిన కారు చూడటానికి బాగుంటుంది, వేగంగా పోయేలా కనిపిస్తుంది. మెక్‌ఫర్సన్ కార్లలో మాత్రం దించడం వల్ల మలుపులో ఒరగడం పెరిగే అవకాశం ఉంది. కారు దిగితే లోయర్ ఆర్మ్ చక్రం వైపు పైకి వాలుతుంది. దాంతో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు, గురుత్వ కేంద్రం కన్నా ఎక్కువగా కిందికి పోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, ఒరిగించే బలానికి పట్టు దొరుకుతుంది. స్టీరింగు రాడ్ల కోణం కూడా మారడంతో గతుకు మీద చక్రం తనంతట తాను కొద్దిగా తిరుగుతుంది.

స్పీడ్ బ్రేకర్ల లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రని హంపు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. జెన్ ముందు వెనక చక్రాల మధ్య దూరం 2,335 మిల్లీమీటర్లు. అంత వెడల్పు హంపు మీద కారు మొత్తం ఎక్కి దిగుతుంది, పొట్ట కింద 40 మిల్లీమీటర్ల ఖాళీ ఉన్నా చాలు. కానీ ఊళ్లలో సిమెంటుతోనో తారుతోనో పోసే హంపులు అర మీటరు వెడల్పు కూడా ఉండవు. ముందు చక్రాలు దిగి, వెనక చక్రాలు ఇంకా ఎక్కక ముందు హంపు మొత్తం ఎత్తు పొట్ట కింద ఉంటుంది. జెన్ నేల ఎత్తు 165 మిల్లీమీటర్లు. పై ఉదాహరణలోని స్ప్రింగులతో నలుగురు ఎక్కితే సుమారు 40 తగ్గుతుంది. ఇంకో 30 దించితే మిగిలేది 95. హంపు 100. సైలెన్సర్ గొట్టం హంపుకు రాసుకోవడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

ర్యాలీ కార్ల నుంచి తీసుకోదగ్గ పాఠం ఇదే. భారత ర్యాలీల్లో నడిచిన ఎస్టీమ్, బలెనో, జిప్సీలను మట్టి దారుల కోసం ఎత్తుగానే ఉంచేవారు. ఖర్చు షాకుల మీదా, చక్రం పైకీ కిందికీ కదిలే నిడివి మీదా పెట్టేవారు. ఆలేరు చుట్టుపక్కల దారులకు రేస్ ట్రాక్ కారు కన్నా ఈ కారే దగ్గరి నమూనా.

ఒరగడం తగ్గాలంటే స్టెబిలైజర్ బార్ మందం పెంచడం మరో మార్గం. బార్ గట్టిదనం మందం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది: 20 మిల్లీమీటర్ల బార్ స్థానంలో 22 వేస్తే 46 శాతం గట్టిపడుతుంది. ముందు చక్రాలే లాగే కార్లలో ముందు బార్‌ను గట్టి చేస్తే మలుపులో ముక్కు బయటికి పోతుంది. చేస్తే వెనకదే చేయాలి. వాన పడ్డ రోడ్డు మీద వెనక భాగం జారే ప్రమాదం దానితోపాటే వస్తుంది.

ఇంటి దగ్గర పని

పనికి చదునైన సిమెంటు నేల కావాలి. మట్టి నేల మీద జాకీ దిగబడుతుంది. కారును జాకీతో ఎత్తి, కంపెనీ చూపిన చోట ఇనుప స్టాండ్ల మీద నిలబెట్టాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కింద దూరకూడదు. ఇటుక, గ్రానైటు ముక్క స్టాండుకు బదులు కావు. రాయి గట్టిదే, బరువు ఒక్క అంచున పడితే మాత్రం పెళుసుగా పగులుతుంది. నేల మీదే ఉన్న చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టాలి.

విప్పక ముందు చేయాల్సిన పనులు రెండు. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా ఎత్తు నాలుగు మూలల్లో కొలిచి రాసుకోవాలి. స్ట్రట్‌ను చక్రం హబ్‌కు పట్టే రెండు బోల్టుల చుట్టూ తెల్ల పెయింటుతో గీత గీయాలి, తిరిగి బిగించేటప్పుడు చక్రం వాలు మునుపటికి దగ్గరగా వస్తుంది. తుప్పు పట్టిన బోల్టులకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే పానా జారదు. బ్రేకు హోస్‌ను స్ట్రట్ నుంచి విడిపించి, కాలిపర్‌ను తీగతో కట్టి ఉంచాలి. హోస్‌కు వేలాడదీస్తే లోపలి పొర చీలుతుంది, అది పైకి కనిపించదు.

స్ట్రట్‌ను విడదీయడం ఈ పని మొత్తంలో ప్రమాదకరమైన భాగం. అదిమిన స్ప్రింగులో దాగే శక్తి చిన్నది కాదు. పై ఉదాహరణలోని స్ప్రింగును 200 మిల్లీమీటర్లు అదిమితే 320 జౌళ్లు. పది కిలోల బరువు మూడు మీటర్ల పైనుంచి పడ్డంత. రెండు కొక్కేల కంప్రెసర్‌ను స్ప్రింగుకు ఎదురెదురుగా పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా సమానంగా బిగించాలి. స్ప్రింగు పై పళ్లెం మీద వదులై చేత్తో తిరిగాకే నడి నట్టు విప్పాలి. మరలు అరిగిన కంప్రెసర్ అద్దెకు దొరికినా తీసుకోకూడదు. మంచి కంప్రెసర్ దొరకకపోతే స్ట్రట్లు విప్పి, ప్రెస్ ఉన్న వర్క్‌షాపులో స్ప్రింగు మార్పించుకొని, మళ్లీ ఇంట్లో బిగించుకోవడం తెలివైన పని.

కొత్త షాక్‌ను డబ్బాలోంచి తీసి నేరుగా బిగించకూడదు. రెండు గొట్టాల రకాన్ని నిలువుగా పట్టుకొని, రాడ్డును మూడు నాలుగు సార్లు నిండా లాగి నొక్కితే, పడుకోబెట్టి ఉంచినప్పుడు లోపలి గొట్టంలో చేరిన గాలి బయటికి పోతుంది. మెరిసే రాడ్డును ప్లయర్‌తో పట్టుకోవడం మెకానిక్‌లు కూడా చేసే తప్పు. అక్కడ పడ్డ సన్నని గీత ప్రతి కదలికలోనూ సీలును కోస్తుంది, కొన్ని నెలల్లో నూనె కారుతుంది. రాడ్డు తిరగకుండా దాని కొసన అలెన్ కీ కోసం గుంత గానీ చదును చేసిన పక్కలు గానీ ఉంటాయి. బంప్ స్టాప్, దుమ్ము తొడుగు, పై మౌంటింగ్, దాని బేరింగ్ పాతవే పెట్టి మిగిల్చే సొమ్ము తక్కువ, మళ్లీ విప్పే శ్రమ ఎక్కువ.

చివరి బిగింపులో చాలామంది తప్పే చోటు ఒకటుంది. లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్షుల బోల్టును చక్రం గాలిలో వేలాడుతుండగా పూర్తిగా బిగిస్తే, బుష్షు ఆ స్థితిలోనే పట్టుకుపోతుంది. కారు నేల మీదికి దిగగానే రబ్బరు మెలితిరిగి, ఎప్పుడూ అదే ఒత్తిడిలో ఉండి ఏడాది తిరక్కుండానే చిరుగుతుంది. బోల్టును వదులుగా దూర్చి, కారును చక్రాల మీదికి దించి, ముందుకూ వెనక్కూ జరిపి, బరువు పడ్డాక టార్క్ రెంచితో బిగించాలి. టార్క్ ఎంతో ఆ మోడల్ సర్వీసు మాన్యువల్ చూసి తెలుసుకోవాలి. ఒక కారు అంకె ఇంకో కారుకు పనికిరాదు.

పని అయ్యాక స్టీరింగు నిటారుగా ఉన్నా వీల్ అలైన్‌మెంట్ తప్పదు. స్ట్రట్ విప్పిన ప్రతిసారీ చక్రాల టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం), క్యాంబర్ (చక్రం వాలు) మారతాయి. స్ప్రింగులు కొద్దిగా సర్దుకుంటాయి కాబట్టి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక చేయిస్తే లెక్క నిలుస్తుంది. అంతదాకా టైర్లు అరగకుండా టో ఒక్కదాన్ని వెంటనే సరిచేయిస్తే చాలు. ఎత్తు మారితే హెడ్‌లైట్ల దిశ కూడా మారుతుంది.

చట్టం

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగానే వ్యాఖ్యానించింది. అరిగిన షాకును, బుష్షును అదే కొలత ఉన్న కొత్తదానితో మార్చడం మరమ్మతు. చాసిస్‌ను కోసి, వెల్డింగు పెట్టి స్ట్రట్ స్థానం మార్చడం అలాంటిది కాదు. మార్పుల సంగతి బీమా సంస్థకు తెలపకపోతే ప్రమాదం జరిగాక క్లెయిము దగ్గర ఇబ్బంది రావచ్చు.

ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత వాహనాన్ని రవాణా శాఖకు చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఈ వ్యాసంలోని కార్లలో చాలావాటికి ఆ గడువు ఇప్పటికే దాటింది. బుష్షులు, షాకులు కొత్తవి వేసి, ఎత్తు కంపెనీ ఇచ్చినట్టే ఉంచిన కారుకు సస్పెన్షన్ వైపు నుంచి ఆ తనిఖీలో పేచీ రాదు.